తిరుగు రైలులో నీలావతి

ఆ ఆదివారం మధ్యాహ్నం హిందూపురంలో మా అక్కగారింటి నడవలో సమావేశమైనవారు, కూర్చున్న వరుసలో: తూర్పు గోడకు ఆనుకొని పీట మీద మా అక్క వెంకటక్క, ఆమెకు ఎడమప్రక్క కుర్చీలో ఆమె కుమారుడు లక్ష్మీనారాయణ, వంటింటి గడప మీద అతని భార్య బుజ్జమ్మ, వీధి మెట్ల దగ్గర, తలపాగా విప్పి ఒడిలో పెట్టుకొని, జట్కా గౌస్‌సాబ్, బల్ల ముందు, కాగితము కలముతో, నేను. గౌస్‌సాబ్ భార్య మున్నీబీ తరువాత వచ్చినది. ఆమె రాకను గురించి దాని స్థానంలోనే చెప్పెదను.

రావలసి ఉండి రానివారు ఇద్దరు. వారిలో నా భార్య ఓబులమ్మ కాలము చేసినది. రెండవ మనిషి నీలావతి. ఆమెను బ్రతికినవారిలో లెక్కించవలెనా, లేనివారిలో లెక్కించవలెనా అన్నది తేలకనే మేమందరము అక్కడ కూర్చున్నాము.

కథ ఎక్కడ ఆగినదో మరచినవారికి ఇంతమాత్రము జ్ఞాపకము చేయుట నా విధి. 1951వ సంవత్సరం కార్తీకంలో, లక్ష్మీనారాయణ పెండ్లి జరిగిన వారంలోనే, ఇంటివారును పెండ్లికి వచ్చిన ముసలి చుట్టాలు కొందరును కలిసి పెనుకొండ గగన్ మహలు చూచుటకు ఉదయపు రైలులో పోయినారు. అక్క ఇంట్లో నిలిచిపోయినది. నేను అప్పుడు అనంతపురం కోర్టులో ఉద్యోగంలో ఉన్నాను. అక్క కుమార్తె, లక్ష్మీనారాయణకంటె పెద్దదైన నీలావతి అందరితోపాటు పోయినది, సాయంకాలపు రైలులో అందరితోపాటు తిరిగి వచ్చినది, హిందూపురం స్టేషను గేటు దాటినది. ఇల్లు మాత్రము చేరలేదు. ముందరి జట్కాలోనివారు వెనుక జట్కాలో ఉన్నదనుకొన్నారు, వెనుకవారు ముందు పోయినదనుకొన్నారు. మరునాడు ఆమెను అత్తవారి ఊరైన తలుపుల గ్రామమునకు తీసుకొనిపోవుటకు వచ్చిన భర్త ఈ ఇంటి వాకిట్లో నిలబడి అన్న మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. ఊరి బావులన్నీ గాలించినారు.

పన్నెండేండ్లు గడిచినవి. అంతకాలము ఆచూకీ లేనివారికి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవలెనని పురోహితుడు చెప్పినాడు. కడసారి కనిపించిన ఊరిలోనే అది జరగవలెనట. లక్ష్మీనారాయణ దానికి సిద్ధపడినాడు. అక్క ఒక షరతు పెట్టినది.

"ఆ పొద్దు ఎట్ల పోతిరో అట్లే మళ్ళా పోయి రాండి. అదే రైలు, అవే చీరలు, అదే వరస. ఈ తూరి నేనూ వస్తా. నా బిడ్డ యాడ జారిపాయనో నా కండ్లతో చూస్తా. ఆ తర్వాత మీరు చేసేది చేసుకోండి."

ఆ ప్రయాణమునకు రైలు, జట్కాలు, టికెట్లు నిర్ణయించుటే ఆనాటి మా పని.

మొదట వాహనము సంగతి వచ్చినది.

"బస్సు మాట్లాడుదాం మామా," అన్నాడు లక్ష్మీనారాయణ. అతడు ఎప్పుడును గొంతు తగ్గించి మాట్లాడు మనిషి. ఎదుటివారు ముందుకు వంగవలసి వచ్చును. "ఇంటి ముందర ఎక్కితే మహలు ముందరే దిగొచ్చు. ఎండలో స్టేషన్ కాడ కాచుకొనేది తప్పుతాది. టికెట్ల గోల ఉండదు."

"ఆ పొద్దు బస్సులో పోతిరా?" అన్నది అక్క.

"లే."

"ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

నేను రైలు అని వ్రాసినాను. ఉదయము ధర్మవరం వైపు పోవు ప్యాసింజరు, సాయంకాలము బెంగుళూరు వైపు వచ్చు ప్యాసింజరు, రెండును ఇప్పటికీ నడుచుచున్నవి. తరువాత పెనుకొండ స్టేషను నుంచి ఊరిలోనికి జట్కా. అది గౌస్‌సాబ్ బాధ్యత.

"మా చిన్నాయన కొడుకు జట్కా ఉండాది సామీ, స్టేషన్ కాడనే. గుర్రం ముసిల్ది. అయితేనేమి, తోలేవాడు నిద్రపోయినా అది సక్కగా మహలు కాడికి పోతాది."

"గుర్రం గురించి చెప్తాండావా గౌసూ, నీ గురించి చెప్తాండావా?" అన్నది అక్క.

గౌస్‌సాబ్ నవ్వినాడు. బుజ్జమ్మ కొంగు అడ్డము పెట్టుకొన్నది. అక్క నవ్వలేదు. ఆమె పరిహాసములు చాలా ఏండ్లుగా ఆ విధంగానే ఉన్నవి. ఇతరుల కొరకు అని, తాను ఉంచుకొనదు.

తరువాత చీరలు. బుజ్జమ్మ పెట్టెలోనుంచి తీసి బల్ల మీద వరుసగా పరచినది. ఇవి ఆమె పెండ్లికి ధర్మవరంలో నేయించినవి. వంకాయ రంగు, ఆవపువ్వు రంగు అంచు. ఒకే పడుగు మీద నాలుగు చీరలు దిగినవి కనుక నాలుగింటికీ రంగులో గాని అంచులో గాని రవంత తేడా లేదు. ఇంటి ఆడవారు నలుగురికీ నాలుగు: అక్కకు, నా భార్యకు, నీలావతికి, క్రొత్త కోడలికి. బల్ల మీద మూడే ఉన్నవి. నాలుగవది కట్టుకొనియే నీలావతి పోయినది.

"ఓబులమ్మ అత్త రైల్లో దాని మీదనే లెక్క పెట్టె మామా," అన్నది బుజ్జమ్మ. "పెనుగొండలో రైలు కదిలేటప్పుడు ఒకసారి అటూ ఇటూ చూసి, 'మన చీరలు మూడూ ఎక్కినాయిలే' అని కండ్లు మూసుకొనె."

ఆ మాట నేను అంతకు ముందు విని ఉన్నాను. నా భార్యయే చెప్పినది. ఆ పూట మాత్రము అది నా చెవికి వేరు విధముగా సోకినది. కోర్టులో ముప్పది యేండ్లు సాక్షుల మాటలు వ్రాసుకొన్నవాడను. చీరను చూచితినన్న సాక్ష్యము మనిషిని చూచితినన్న సాక్ష్యము కాజాలదు.

"బుజ్జమ్మా," అన్నాను. "తిరుగు రైలులో కూర్చున్న వరుస చెప్పు. ఆ వరుసనే మళ్ళీ కూర్చోవలెను కదా."

"ఆడోళ్ళ డబ్బా మామా. మీ అల్లుడు మగోళ్ళ డబ్బాలో ఉండె. కిటికీ కాడ నీలావతి వదిన. ఆయమ్మ పక్కన ఓబులమ్మ అత్త. ఎదురుగా నేను. ముసిలోళ్ళంతా తలుపు కాడ."

"నీలావతి ఏమి మాట్లాడుచుండినది?"

"వదినకు తలనొప్పంట. నేను రైలు ఎక్కేటప్పుడే మీ అల్లుడు చెప్పె, మీ వదినను పలకరీయొద్దు, తలనొప్పితో ఉండాది అని. ముసుగేసుకొని కిటికీ తట్టు తిరుక్కొనె."

"నీతో ఒక్క మాటైననూ?"

"లే మామా. నేను కొత్తగా వచ్చినదాన్ని. ఆడబిడ్డ మొగం తేరిపార చూసేంత ధైర్యం యాడిది నాకు?"

"ఉదయము పోవునప్పుడు?"

బుజ్జమ్మ ముఖము వెలిగినది. "పోయేటప్పుడా! మాలుగూరు దాటేదాకా వదిన నోరు మూసింటే కద. శెనిక్కాయలు అమ్మే వానితో కొట్లాట పెట్టుకొని, వాడు రైలు దిగేలోపల వాని పెండ్లాం పిల్లల సంగతి అంతా అడిగేసె. చాకర్లపల్లి కాడ పాట కూడా..."

అక్కడ ఆమె ఆగిపోయినది. నవ్వు ముఖము మీదనే ఉండిపోయినది, కన్నులలో మాత్రము వేరేదో వచ్చి చేరినది.

అక్క పీట మీద నిటారుగా కూర్చున్నది. "నూటమూడు జరంలో డాక్టరుకు కథలు చెప్పిన పిల్ల అది. తలనొప్పికి నోరు మూసుకొనెనా?"

వీధిలో గౌస్‌సాబ్ గుర్రము గిట్టలు మార్చుకొన్న చప్పుడు వినిపించినది. నాకు నా భార్య జ్ఞాపకము వచ్చినది. ఆ ప్రయాణము తరువాత ఓబులమ్మ రైలులో కిటికీ ప్రక్క చోటున గాని, దాని ప్రక్క చోటున గాని ఎన్నడును కూర్చోలేదు. కారణమడిగితే ఒకే మాట చెప్పెడిది: "ఆ పొద్దు దాని భుజం నా భుజానికి తగులుతానే ఉండె. దారి పొడుగునా వణుకుతాండె. సలికి అనుకొంటి. సలి లేదు ఆ పొద్దు." నీలావతిది ఎవరికీ వణికే భుజము కాదని మా ఇద్దరికీ తెలుసును. అయినను ఆ మాటను అంతకు మించి మేము ముందుకు తీసుకొనిపోలేదు. డబ్బాలో చీకటి, మిణుకుమనే దీపము, ముసుగు చాటున ఒక ఆకారము, దాని వణుకు. ఆ సాయంకాలము మావారి మధ్య కూర్చుని హిందూపురం వరకు వచ్చినది ఎవరు?

ఆ ప్రశ్న నేను పైకి అనలేదు. అనవలసిన అవసరము లేకపోయినది.

మున్నీబీ మెట్లెక్కి వచ్చినది. నెత్తి మీది గాజుల గంపను దించి, పైనున్న గుడ్డ తొలగించి, గాజుల మలారాలను ఒక్కొక్కటిగా నేల మీద పెట్టినది. గంప అడుగున పాత వార్తాపత్రిక. దాని క్రింద నుంచి ఒక మడత తీసి, బల్ల దగ్గరకు వచ్చి, మూడు చీరల ప్రక్కన నాలుగవదానిని ఉంచినది.

వంకాయ రంగు. ఆవపువ్వు రంగు అంచు.

బుజ్జమ్మ గడప మీది నుంచి లేచినది. లక్ష్మీనారాయణ కదలలేదు. అక్క చేయి చాచి ఆ చీరను తాకినది, వెంటనే చేయి వెనుకకు తీసుకొన్నది.

"ఏమే ఇది? యాడిది నీకు?" అన్నాడు గౌస్‌సాబ్.

మున్నీబీ అతని వైపు చూడలేదు. "పెద్దమ్మా, ఆ పొద్దు రైల్లో కిటికీ కాడ కూచున్నెది నేను."

పన్నెండేండ్లుగా ఈ ఊరి బావులలో, సందులలో, స్టేషను వెనుక చింతతోపులో మేము వెదకిన నీలావతి ఈ ఊరిలో అడుగే పెట్టలేదు. లేని మనిషి కొరకు దీపములు పట్టుకొని తిరిగినాము. గేటు దాటగా చూచితిమని ప్రమాణము చేసినవారందరును ఒక చీర గేటు దాటుట చూచినారు.

"చెప్పు," అన్నది అక్క. గొంతులో కోపము లేదు. దాహము ఉన్నది.

"మా మామ ఇల్లు మహలు ఎనకాలనే, పెద్దమ్మా. చూసేదానికి వచ్చినోళ్ళకు నేను సీతాఫలాలు అమ్ముతాంటి. నాకు అమ్మా నాయనా లేరు. మా మామ నన్ను కదిరిలో ఒక ముసిలోనికి ఇచ్చేదానికి మాట్లాడేసినాడు. ఆ పొద్దు మీవాళ్ళంతా కింద అన్నాలు తింటాండారు. పైన మేడలో ఏడ్చుకొంటా కూచోని ఉంటి నేను. నీలావతమ్మ ఒంటిగా మెట్లెక్కి వచ్చె. ఆయమ్మ కూడా ఏడ్చేదానికే వచ్చె. ఇద్దరమూ ఒకరినొకరం చూసుకొని ఉలిక్కిపడితిమి."

"తర్వాత?"

"నీకేమి కష్టమే అనె. హిందూపురంలో ఉండే మా పిన్నమ్మ కాడికి పారిపోవల్లని చెప్తి. నీకేమమ్మా కష్టం, పట్టుచీర కట్టుకొని ఉండావు అంటి. రైక చెయ్యి పైకి జరిపి చూపిచ్చె. కమిలిపోయింది పెద్దమ్మా, కట్టెతో కొట్టిన దెబ్బలు. రేపు వాడొస్తాడు పిల్చకపోయేదానికి అనె."

అక్క కన్నులు మూసుకొన్నది.

"మీ ఇంట్లో చెప్పమ్మా అంటి. చెప్పినా, సర్దుకోమన్నెది మా యమ్మ అనె."

ఆ మాటను అక్క తలవంచి స్వీకరించినది. కాదనలేదు.

"ఒక్కసారిగా నవ్వె. 'నువ్వు హిందూపురం పోవల్ల, నేను ఈడనే ఉండిపోవల్ల. ఇద్దరి పనీ ఒక చీరతో అయిపోతాది చూడు' అనె. నా నూలుచీర ఆయమ్మ కట్టుకొనె. ఈ చీర నాకు కట్టె. కుచ్చెళ్ళు కూడా ఆయమ్మే పెట్టె. 'నోరు మాత్రం తెరవొద్దు, నీ మాట తీరు పట్టిస్తాది. గేటు దాటినాక నీ దోవన నువ్వు పో' అనె."

"నవ్వెనా నా బిడ్డ?"

"నవ్వె పెద్దమ్మా. ఏడ్చి ఏడ్చి నవ్వె."

గౌస్‌సాబ్ తలపాగా ఒడిలోనుంచి జారి మెట్ల మీద పడినది. "ఏమే! కదిరి నుంచి మీ పిన్నమ్మ పిల్చుకొచ్చి వదిలె అని నాతో చెప్తివే! ఇన్నేండ్లు కాపురం చేసి నాకు ఒక్క మాట చెప్పకుండా, టికెట్టు లేకుండా రైలెక్కి..."

"టికెట్టు ఉండె," అన్నది మున్నీబీ.

నేను ఆ మాటను పట్టుకొనవలసినది. కాని ముందు వేరొకటి అడిగితిని. "ఇన్ని యేండ్లు ఎందులకు చెప్పలేదమ్మా? ఈ ఇంటికి నెలనెలా వచ్చుచుంటివి కదా."

"పెనుగొండ దర్గాలో ఉండే బాబయ్య సామి మీద ఒట్టు పెట్టిచ్చుకొనె సారూ. 'నేను మా ఇల్లు చేరేదాకా చెప్పొద్దు' అని. చేరిందేమో చూసేదానికే గాజుల గంప ఎత్తుకొంటి. గడప కాడ నిలబడి 'ఇంట్లో ఎవరెవరుండారమ్మా' అని అడుగుతాంటి. గాజులు ఎంతమందికో తెలుసుకొనేదానికి అడుగుతాండానని మీరు అనుకొంటిరి." ఆమె భర్త వైపు చేయి చూపినది. "నిన్న ఈయన ఇంటికొచ్చి చెప్పె, అవే చీరలంట, అదే రైలంట, ఆ తర్వాత ఈ ఊర్లోనే కర్మ చేస్తారంట అని. నా ఒట్టు పోతే పోనీ అనుకొంటి. ఆయమ్మ ఈ ఊరికి రానే లేదు పెద్దమ్మా. రాని ఊర్లో ఆయమ్మకు పిండం పెట్టొద్దండి."

బుజ్జమ్మ ఏడ్చుచున్నది. ఎదురుగా కూర్చుని, ముఖము తేరిపార చూడలేక, రైలు దిగువరకు తాను గౌరవము చూపినది ఒక సీతాఫలముల పిల్లకని అప్పుడామెకు తెలిసినది. ఏమనుకొన్నదో, లేచిపోయి మున్నీబీ ప్రక్కన నిలబడినది.

అప్పుడు నేను టికెట్టు మాటకు వచ్చినాను. "టికెట్టు ఉండెనంటివి. నీలావతి ఇచ్చినదా?"

"ఆయమ్మ దగ్గర యాడిది సారూ? టికెట్లన్నీ లక్ష్మీనారాయణప్ప దగ్గరనే ఉండె. పెనుగొండ స్టేషన్లో, గేటు కాడ ఎవరి టికెట్టు వాళ్ళే ఇయ్యల్ల అని ఒక్కొక్కరికీ పంచె. నా కాడికి వచ్చె."

"అతడు నిన్ను గుర్తించలేదా?"

"మొగం మీద ముసుగుండె సారూ." ఆమె ఒక్క క్షణము సందేహించి, తన కుడిచేతిని ముందుకు చాచినది. మణికట్టు నుంచి మోచేతి వరకు నున్నని, ఏ గుర్తును లేని చేయి. "చెయ్యి ఇట్లనే సాచితి. టికెట్టు పెట్టినాడు. చూసినాడు."

ఇక ఎవరును ఏమియు చెప్పనవసరము లేదు. నీలావతి కుడిచేతికి మోచేతి వరకు పచ్చబొట్టు ఉండెను. చిన్ననాడు పొడిపించునప్పుడు ఆ చేతిని గట్టిగా పట్టుకొని కూర్చున్నది అక్కయే. పచ్చబొట్టు లేని చేతిలో తమ్ముడు టికెట్టు పెట్టినాడు. పెట్టి, తన భార్య దగ్గరకు పోయి, మీ వదినకు తలనొప్పి, పలకరించవద్దని చెప్పినాడు.

అక్క తల త్రిప్పి కుమారుని చూచినది.

"నారాయణా."

అతడు నేల చూచుచుండెను.

"బావుల్లో దిగితివి కదరా నువ్వు. నడుముకు మోకు కట్టుకొని దిగితివి. నేను గట్టు మీద నిలబడి అరుస్తాంటే, లేదమ్మా, ఈడ లేదమ్మా అని కింద నుంచి చెప్తివి. లేదని తెలిసే దిగితివా?"

"తెలిసే దిగితి అమ్మా."

"ఎందుకురా?"

"అక్కే అడిగె." అతని మాట ఎంత నెమ్మదిగా వచ్చినదనగా గౌస్‌సాబ్ మెట్ల మీది నుంచి లేచి దగ్గరకు వచ్చినాడు. "మేడ దిగి నా కాడికి వచ్చి చెప్పె. 'మీ బావ వచ్చి, నేను లేనని తెలిస్తే వాడు ఎనిక్కి పోతాడు. రెండు దినాలు ఆగి నువ్వొచ్చి నన్ను పిల్చకపో. అమ్మకు నేను సమాధానం చెప్పుకొంటా' అనె. మహలు కావలి దేవప్ప ఇంట్లో, వాని పెండ్లాం కాడ ఉంటాననె. అంతే అమ్మా. రెండు దినాలే అనుకొంటి. నాకు అప్పుడు ఇరవై యేండ్లు."

"పోలేదా?"

"పోతి. రెండో దినం ఉదయం రైలుకే పోతి. దేవప్ప నన్ను చూసి నవ్వె. 'ఏమప్పా, ఏమన్నా మర్చిపోతిరా? నిన్న పొద్దు గూకేటప్పుడే వచ్చి పిల్చకపోతిరి కద మీ యక్కను' అనె."

బుజ్జమ్మ ఏడుపు ఆగిపోయినది.

"నేను పోలేదమ్మా. ఆ ముందు దినం పొద్దుగూకేటప్పుడు నేను ఈడ, కోట బావిలో, మీ అందరి కండ్ల ముందర ఉంటి. ఆ మాటే చెప్తి దేవప్పకు. వాడు బెదిరిపాయ. ఎవరో జట్కాను దూరంగా నిలబెట్టి నడిచి వచ్చినాడంట. మహలు మెట్ల కింద నిలబడి 'అక్కా' అని పిలిచినాడంట. మసక చీకటిలో వానికి మొగం కనపడలే. ఆ పిలుపు వింటానే అక్క మెట్ల మీద నుంచి పరుగున దిగిపాయనంట. ఎవరని అడిగితే, నా తమ్ముడే అనెనంట." లక్ష్మీనారాయణ తల్లి వైపు తిరిగినాడు. "దేవప్ప నా మొగం కాదు అమ్మా గుర్తు పట్టింది. గొంతు. 'నీ గొంతే కదప్పా అది' అనె. ఆ పొద్దు నుంచి నేను ఎవరినీ గట్టిగా పిలవలేదు. ఎప్పుడన్నా తెలీక పిలిస్తే, నా పిలుపు నాకే ఆ మెట్ల కింద నుంచి వినపడుతాది. కర్మ చేస్తే అది ఆగుతాదేమో అని..."

నేను ఆ గొంతును పన్నెండేండ్లు తగ్గింపు స్వభావమనుకొన్నాను. ఇంటి పెద్దల ముందు మర్యాద అనుకొన్నాను. భయమని అనుకొనలేదు.

అక్క మాత్రము కుమారుని వైపు చూచుట మానివేసినది. ఆమె చూపు బల్ల మీది నాలుగు చీరల మీద నిలిచినది. ఆమె ముఖములో నేను ఎదురుచూచినది కోపము, లేక దుఃఖము. రెండును కావు. చాలాకాలము క్రిందట మూసిన తలుపు వెనుక అడుగుల చప్పుడు విన్న మనిషి ముఖము అది.

"ఆ మనిషి ఎడమ కాలు ఈడుస్తా నడిచెనా?" అన్నది.

లక్ష్మీనారాయణ కుర్చీలోనుంచి లేచినాడు.

"దేవప్ప ఆ మాట చెప్పె. నేను ఒక్కరికి కూడా చెప్పలే. బుజ్జమ్మకు కూడా చెప్పలే. నీకెట్ల తెలుసమ్మా?"

అక్క గౌస్‌సాబ్ వైపు తిరిగినది. "గౌసూ, ఆ దేవప్ప ఉండాడా, పోయినాడా?"

"ఉండాడు పెద్దమ్మా. కండ్లు పోయినాయి. చెవులు బాగుండాయి."

"చెవులుంటే చాలు." ఆమె నా వైపు తిరిగినది. "ఏమిరా రాయుడూ, ఏమి రాస్తివి? పెనుగొండకు పోయి వచ్చేదానికి టికెట్లు అని రాస్తివా?"

"అవునక్కా."

"కొట్టెయ్. ధర్మవరం దాకా రాయి. పెనుగొండలో దిగి దేవప్పతో మాట్లాడి, తర్వాత రైలుకు ధర్మవరం పోదాము."

"ధర్మవరంలో మనకు ఎవరున్నారక్కా?"

నేను ఆమె సొంత తమ్ముడను. మా చుట్టరికములన్నీ నాకు తెలుసునని అనుకొనెడివాడను. ధర్మవరంలో మాకు చుట్టాలు లేరు. ఆ చీరలు నేసిన ఇల్లు తప్ప అక్కడ అక్కకు తెలిసిన గడప ఉన్నట్లు నేనెరుగను. "ఆ కాలు ఈడ్చేవాడు ఆడ దొరుకుతాడు. టికెట్లు రాయి," అన్నది అక్క.

నేను వ్రాసినాను. ఆ పూట తీర్మానములు ఇవి: ఉదయపు ప్యాసింజరులో బయలుదేరుట, పెనుకొండ స్టేషనులో గౌస్‌సాబ్ బంధువు జట్కా, దేవప్పను కలియుట, అక్కడ నుంచి ధర్మవరం. హిందూపురంలో జరుపదలచిన కర్మను నిలిపివేయుట. కర్మ మాట కొట్టివేయునప్పుడు నేను లక్ష్మీనారాయణ వైపు చూచినాను. అతడు వద్దనలేదు.

కడపటి అంశము నేను నా యిష్టముతో చేర్చి, లేచి నిలబడి, అందరికిని వినబడునట్లు చదివితిని. దానిని మార్పు లేకుండ ఇక్కడ ఇచ్చుచున్నాను.

"హిందూపురం వాస్తవ్యురాలు, గౌస్‌సాబ్ భార్య, మున్నీబీ అను ఆమె, తాను చేసిన ప్రమాణమును ఇంతకాలము నిలుపుకొని, ఆ ప్రమాణము చేయించుకొనిన మనిషి మేలు కొరకే నేడు దానిని విడిచి, తన కాపురమునకు రాగల ఇబ్బందిని గాని, తన గాజుల వ్యాపారమునకు రాగల నష్టమును గాని లెక్కచేయక, ఈ ఇంటివారి ఎదుట నిజము చెప్పినది. బ్రతికియున్నదో లేదో తెలియని ఒకతెకు తొందరపడి చేయనున్న కర్మ ఆమె మాట వలన ఆగినది. ఈ కార్యమును ఈ కుటుంబము గుర్తించి, ఆమెకు తన కృతజ్ఞతను సవినయముగా తెలుపుకొనుచున్నది."

చదువుట ముగిసిన తరువాత మొదట లేచి నిలబడినది మా అక్క.